నీ బొమ్మల ముందు నిలబడినవాళ్లు ఏమన్నారంటే

చిరంజీవి బుజ్జికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నాన్నగారూ నేనూ క్షేమం. మీ ఆరుగురూ కలిసి పెట్టిన నైరూప్య చిత్రాల ప్రదర్శన, అదే, ఫలానా వస్తువని పోల్చుకోవడానికి వీల్లేని ఆ రంగుల బొమ్మలది, నిన్న సాయంత్రంతో ముగిసింది. నువ్వు వడోదర రైలెక్కుతూ, చూడవచ్చినవాళ్లు ఏమంటున్నారో విని రాయమనీ, మెచ్చుకోళ్లు మాత్రమే ఏరి రాయొద్దనీ చెప్పి వెళ్లావు. బంజారాహిల్స్ దాకా రోజూ బస్సు మారి వెళ్లడమేమిటని మీ పిన్ని కోప్పడింది గాని, పదవీ విరమణ చేసిన లెక్కల టీచరుకు హాల్లో ఒక పక్కన కుర్చీ వేసుకుని నలుగురి మాటలూ వినడం కంటే మంచి కాలక్షేపం ఏముంటుంది? మీ ఆరుగురిలో ఫలానా అమ్మాయి తల్లినని నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ ఉత్తరంలో రాయడానికి ఏమీ మిగిలేది కాదు.

ముందుగా, తలుపు దగ్గర బల్లమీద పెట్టిన సందర్శకుల పుస్తకం సంగతి. దాని ఫొటోలు మీ అందరికీ పంపుతారట. పంపినా వాటిమీద ఎక్కువ ఆశ పెట్టుకోకు. పెళ్లిలో విస్తరి ముందు నుంచి లేచినవాడిని వంట ఎలా ఉందని అడిగితే ఏం చెబుతాడో, ఆ పుస్తకంలో ఉన్నదీ అదే. 'సూపర్', 'వెరీ నైస్', 'ఆల్ ది బెస్ట్', 'కళాకారులందరికీ అభినందనలు' అని పేజీలకు పేజీలు. చాలామంది లోపలికి అడుగు పెట్టగానే, ఒక్క చిత్రమైనా చూడకముందే, ఆ పని ముగించుకున్నారు. ఒకాయన తన ఫోన్ నంబరు వేసి, శంకర్‌పల్లి దగ్గర ప్లాట్లు అమ్మబడునని కూడా రాశాడు. మొత్తం పుస్తకంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం ఒక్కటే: 'ఏమీ అర్థం కాలేదు, మళ్లీ వస్తాను.' కింద సంతకం లేదు.

నోటిమాట మర్యాదకు లొంగుతుంది కాబట్టి నేను వాళ్ల కాళ్లను చూడడం మొదలుపెట్టాను. ఎవరు ఎక్కడ ఆగారు, ఎంతసేపు ఆగారు, ఎవరు వెనక్కి వచ్చారు అని. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఇలాగే గమనించి 2001లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. జగత్ప్రసిద్ధమైన చిత్రాల ముందు కూడా జనం నిలబడ్డది సగటున 27 సెకన్లే. అందులోనూ సగం సందర్భాల్లో 17 సెకన్లకు మించలేదు. కాబట్టి మీ హాల్లో ఎవరైనా ఒక నిమిషం నిలబడితే అది చిన్న విషయం కాదని నువ్వు తెలుసుకోవాలి.

నీ పెద్ద చిత్రం, ఆ ఇటుకరంగుదీ పసుపుదీ, అందరినీ ఆపింది. దాని ముందు అందరూ అడిగిన ప్రశ్న 'ఇది ఏమిటండీ?' అనేదే. ఒకరికి అది ఎండిన చెరువు నేల. ఒకరికి వరదలో గోదావరి. ఇంకొకరికి విమానం కిటికీలోంచి కనిపించే పొలాలు. ఇక్కడ నేనొక తమాషా గమనించాను. చెరువనో గోదావరనో పోల్చుకోగలిగినవాళ్లు తృప్తిగా తలూపి, వెంటనే పక్క చిత్రం దగ్గరికి వెళ్లిపోయారు. ఏదీ పోల్చుకోలేకపోయినవాళ్లే విసుక్కుంటూ, దగ్గరికి జరుగుతూ, దూరం జరుగుతూ అక్కడే ఉండిపోయారు. అందువల్ల 'ఇది ఏమిటి' అని అడిగినవాళ్లకు కళ అంటే తెలియదని మీ మిత్రబృందం నవ్వుకోవడం నాకు నచ్చదు. ప్రారంభోత్సవం నాడు ఆ నవ్వు నేను విన్నాను. ఆ ప్రశ్న చూడదలచుకున్న మనిషి అడిగేది. దానికి 'మీకు ఏమనిపిస్తే అదే' అని జవాబు చెప్పి తప్పుకోవడం మర్యాదగా కనిపిస్తుంది గాని, నిజానికి అది తలుపు వేసేయడమే.

రెండో మాట నువ్వు ఊహించేదే: 'మా మనవరాలు కూడా ఇలా వేస్తుంది.' అది నీ బొమ్మ ముందు కాదులే, పక్కగోడమీద నల్లరంగు ఎగజిమ్మిన ఆ పెద్ద కాన్వాసు ముందు ఒక పెద్దాయన అన్నాడు. ఆయన వెంట వచ్చిన కోడలు సిగ్గుపడింది. బోస్టన్ కాలేజీలో ఏంజెలినా హాలీ-డోలన్, ఎలెన్ విన్నర్ అనే ఇద్దరు ఈ మాటను పరీక్షకు పెట్టి 2011లో ఫలితాలు ప్రచురించారు. పేరుపొందిన నైరూప్య చిత్రకారుల చిత్రాలనూ, చిన్నపిల్లలూ కోతులూ ఏనుగులూ వేసినవాటినీ జంటలుగా చూపించి ఏది మెరుగని విద్యార్థులను అడిగితే, వేసినవారి వివరాలు చెప్పకపోయినా, తారుమారుగా చెప్పినా, మొత్తం మీద 60 నుంచి 70 శాతం సార్లు చిత్రకారులవే ఎంచుకున్నారు. అంటే కన్ను తేడాను పట్టుకుంటోందన్నమాట. అయితే ముప్పైకి పైగా శాతం సార్లు పట్టలేదనీ అర్థం. లెక్కల టీచరుగా నేను రెండో సగాన్ని కూడా వదలను. ఆ పెద్దాయన మాటలో నాకు వినిపించింది ఎగతాళి కాదు, ఇందులో పనితనం ఎక్కడుందో చూపించండి అనే అభ్యర్థన. ఆ నల్ల కాన్వాసు విషయంలో ఆయనకు చూపించడానికి నాకూ ఏమీ దొరకలేదు. ఇది నీ మిత్రుడికి చెప్పకు.

పనితనం అంటే గుర్తొచ్చింది. మూడోరోజో నాలుగోరోజో లిఫ్టు పక్కన పెచ్చులూడిన గోడకు రంగు వేయడానికి ఒకతను వచ్చాడు. పని మధ్యలో చేతులు తుడుచుకుంటూ వచ్చి నీ పెద్ద చిత్రానికి జానెడు దూరంలో ముఖం పెట్టి చూశాడు. 'ఇది బ్రష్ పని కాదమ్మా. కింద నలుపు వేశారు. దానిమీద పసుపు. పైన పలచటి రంగు పోసి, ఎండినాక ఎమరీ కాగితంతో రుద్దారు. ఇగో, ఈడ ఎక్కువ రుద్దితే నలుపు బయటపడ్డది' అని ఎడమ కిందిమూల చూపించాడు. లప్పం పెట్టి సాపు చేసిన గోడలమీద చెయ్యి ఆడించినవాడి కన్ను అది. తర్వాత 'మేమిట్ల చేస్తే ఓనరు పైసలియ్యడు' అని నవ్వి వెళ్లిపోయాడు. పామరుడి చూపే గొప్పదని కథ చెప్పడానికి ఇది రాయడం లేదు. అతని వెంట వచ్చిన కుర్రాడు గోడలవైపు కన్నెత్తి అయినా చూడలేదు. ఒకతను చూశాడు, ఒకతను చూడలేదు, అంతే. అతను చెప్పిన క్రమం సరైనదేనా? నాకు రాయి.

ఆ తర్వాత ఎవరైనా ఇది ఏమిటని అడిగితే నేను ఆ రంగుపొరల కథే చెప్పడం మొదలుపెట్టాను. విన్నవాళ్లు వెంటనే దగ్గరికి వెళ్లి నలుపు కోసం వెతికారు. వెతుకుతూ వెతుకుతూ పసుపు అంచు ఎక్కడ చెదిరిందో, రంగు జారి ఎక్కడ ఆగిందో వాళ్లంతట వాళ్లే ఒకరికొకరు చూపించుకున్నారు. మీ నిర్వాహకులు గోడకు అంటించిన నాలుగు పేరాల ఇంగ్లీషు వ్యాసం ఈ పని చేయలేకపోయింది. చాలామంది దాని మొదటి రెండు పంక్తుల దగ్గరే ముఖం మార్చుకుని, ఈ హాలు మనది కాదన్నట్టు అడుగులు తేలిక చేసుకుని నడిచారు. తెలుగులో ఒక్క చీటీ అయినా లేకపోవడం నాకు కష్టమనిపించింది. 'శీర్షిక లేదు 1', 'శీర్షిక లేదు 2' అని వరుస నంబర్లు వేసే బదులు, ఏ రంగు, ఏ గుడ్డ, ఎలా చేశారు అన్నది తెలుగులో రెండు వాక్యాలు రాస్తే చిత్రానికి నామోషీ కాదు. అయితే దీనికీ ఒక చిక్కుంది. కొందరు అదంతా విని 'అయ్యో, ఎంత కష్టపడిందో పాపం' అని నిట్టూర్చి వెళ్లారు. కష్టాన్ని చూశారు, చిత్రాన్ని చూడలేదు. ఎంతవరకు చెప్పి ఎక్కడ ఆపాలో నువ్వే ఆలోచించు.

ఇక నీకు నచ్చని సంగతి. అందరిలోకీ ఎక్కువసేపు చూసింది సోఫాకు జతపడే రంగు కోసం వచ్చిన దంపతులు. నువ్వు ఇలాంటివాళ్లను ఎంత తేలిగ్గా తీసేస్తావో నాకు తెలుసు. వాళ్లు టేపుతో కొలతలు తీసుకున్నారు, అది నిజమే. కాని ఆమె దీపం ఆర్పించి చూసింది, వెలిగించి చూసింది, మళ్లీ పగటి వెలుతురులో చూడాలని మర్నాడు ఉదయం ఒంటరిగా వచ్చింది. సాయంత్రం పైన తేలిన ఇటుకరంగు ఉదయానికి వెనక్కి పోయి పసుపు ముందుకొచ్చిందని నాతో చెప్పింది. రోజూ కళ్లెదుట ఉండబోయే వస్తువును చూసే చూపు అది. దానికి పూర్తి విరుద్ధంగా ఒకాయన ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చి, 2015లో ముంబై వేలంలో మన దేశపు చిత్రకారుడు గైతోండే చిత్రం 29 కోట్లకు పైగా ఎలా పలికిందో, 2023లో మరో చిత్రకారుడు రజా చిత్రం 51 కోట్లు ఎలా దాటిందో చక్కగా వివరించాడు. అంకెలన్నీ సరైనవే, ఇంటికొచ్చి సరిచూశాను. అంతసేపూ ఆయన వీపు నీ చిత్రం వైపే ఉంది. గైతోండే ఏడాదికి కొద్దిపాటి చిత్రాలే వేసేవాడనీ, రోలరుతో రంగు పరిచి మళ్లీ తీసేసేవాడనీ ఆ నలుగురిలో ఎవరైనా తెలిసి ఉంటే గోడవైపు ఒకసారి తిరిగి ఉండేవారేమో.

గుడివాడ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి మాత్రం నన్ను సంతోషపెట్టాడు. 'మా ఊరివాడే ఎస్.వి. రామారావు గారు. 1960ల్లో లండన్ వెళ్లి స్లేడ్ అనే కళాశాలలో చదివి, తర్వాత షికాగోలో ఉండి ఇలాంటి చిత్రాలే వేశారు, పద్మశ్రీ కూడా ఇచ్చారు' అని హాల్లో అందరికీ వినపడేలా చెప్పాడు. మన తెలుగువాళ్లకు ఈ రకం చిత్రం నిన్నో మొన్నో దిగుమతి అయినది కాదని కొందరికైనా తెలిసింది.

ఒక చిన్నపిల్లవాడు తల పూర్తిగా పక్కకు వాల్చి, 'దీనికి పై వైపు ఏది?' అని అడిగాడు. వాళ్లమ్మ గదమాయించింది. నేను ఆపి, జర్మనీలోని డ్యుసెల్‌డార్ఫ్ మ్యూజియంలో డచ్ చిత్రకారుడు మోండ్రియాన్ 1941లో రంగు టేపులు అతికించి చేసిన చిత్రం ఒకటి దశాబ్దాల తరబడి తలకిందులుగా వేలాడిందనీ, 2022లోగాని ఆ సంగతి బయటపెట్టలేదనీ, ఇప్పుడు తిప్పితే టేపులు ఊడిపోతాయని అలాగే ఉంచారనీ చెప్పాను. వాడికి ఎంత ఆనందమో! ఆ తర్వాత హాల్లోని ప్రతి చిత్రాన్నీ వంగి కాళ్ల మధ్యలోంచి చూశాడు. నీ పెద్ద చిత్రం అలా చూసినా నిలబడిందట. నీ నీలిరంగు కాగితం చిత్రం 'పడిపోతోంది' అన్నాడు. నేను వంగలేను కాబట్టి ఫొటో తీసి తిప్పి చూశాను. వాడు చెప్పింది నిజం, బరువంతా కుడివైపునే ఉంది.

నీ కాగితం చిత్రాలు మూడింటినీ వాష్‌రూముకు వెళ్లే దారిలో తగిలించారు. 1915లో రష్యాలోని పెట్రోగ్రాడ్‌లో పద్నాలుగు మంది కలిసి పెట్టిన ప్రదర్శనలో మాలెవిచ్ అనే చిత్రకారుడు తన 'నల్ల చతురస్రం' చిత్రాన్ని గదిమూల పైభాగాన, రష్యన్ ఇళ్లలో దేవుడి పటం ఉంచేచోట తగిలించాడు. దాన్ని అక్కడ పెట్టడం చూసి కొందరికి మండింది. ఎక్కడ తగిలిస్తామన్నది కూడా చిత్రంలో భాగమే అయినప్పుడు, ఈసారి గోడల పంపకం జరిగేటప్పుడు మొహమాటపడకుండా నోరు విప్పి అడుగు.

నీ బూడిదరంగు చిత్రం ముందు ఎవరూ ఆగలేదు. వెలుతురు సరిగ్గా లేదని సరిపెట్టుకోవచ్చు గాని, నేను కూడా ఆగలేదు. మిగతా చిత్రాల్లో వాడగా మిగిలిన రంగుతో, గడువు దగ్గరపడి ముగించినట్టు అనిపించింది. కాదంటే వాదించు, వింటాను.

ఇక పనుల సంగతి. ఆ సోఫా దంపతులు పెద్ద చిత్రం ధర అడిగారు. జాబితాలో ఉన్న ధరే చెప్పాను, తగ్గిస్తారా అంటే నీతో మాట్లాడి చెబుతానన్నాను. సూర్యాపేట నుంచి వచ్చిన ఒక డ్రాయింగు మాస్టారు తన బడి పిల్లలకు ఆ ఎమరీ కాగితం పద్ధతి చూపించడానికి వేసవి సెలవుల లోపల నువ్వు ఒకపూట రాగలవా అని అడిగారు. కాన్వాసుల మధ్య బటర్ పేపర్ పెట్టి కట్టించాను, సోమవారం లారీ ఆఫీసులో వేస్తారు. ధర సంగతీ, మాస్టారి సంగతీ ఆదివారం లోపల నాకు చెప్పు.

వేళకు తిను.

ఆశీస్సులతో,
అమ్మ