లోతు లేని ప్యానెల్ గీతలకు వాష్ వేసేవాళ్లకు

అందరికీ నమస్తే. ఆదివారం హన్మకొండలో కలిసేలోపు ఒక్క మాట. 1/72 స్కేల్ మిగ్-21 ప్లాస్టిక్ మోడల్ మీద ప్యానెల్ గీతలు (విమానం రేకుల అతుకుల్ని చూపే గీతలు) లోతు లేకపోతే, వాష్ (గీతల్లోకి దిగేలా వేసే పల్చటి రంగు) తుడవగానే గీతలో ఉన్న రంగు కూడా ఊడి వచ్చేస్తుంది. అందుకే పెయింట్‌కు ముందే స్క్రైబర్‌తో (గీతలు చెక్కే మొనదేలిన పనిముట్టు) రెండు మూడుసార్లు తేలిగ్గా లాగండి. బలంగా నొక్కితే మొన పక్కకు జారి ప్లాస్టిక్ గీసుకుపోతుంది, మంచి కిట్ పాడైతే నిజంగా బాధేస్తుంది.

అక్రిలిక్ రంగు మీద గ్లాసీ క్లియర్ కోట్ (మెరిసే పారదర్శక పూత) పూర్తిగా ఆరాకే ఎనామెల్ వాష్. మన దగ్గర వానాకాలంలో ఆరడానికి టైమ్ పడుతుంది, తొందరపడొద్దు. ఇయర్‌బడ్‌కు థిన్నర్ తడి తగిలీ తగలనట్టు ఉండాలి, గీతకు అడ్డంగా తుడవాలి. రంగు వేసేశాక గీత తోడే వీలు లేకపోతే, సన్నగా చెక్కిన పెన్సిల్‌ను గీత వెంట నడిపి పైన పల్చగా మ్యాట్ కోట్ కొట్టండి. వెండి రంగు విమానానికి నలుపు వాష్ వద్దు, మొరటుగా కనిపిస్తుంది. ముదురు బూడిద రంగు చాలు.