పరిశోధన నిధి: 2024-25 జమా ఖర్చులు

ఒంగోలులోని మన డిగ్రీ కళాశాల పూర్వ విద్యార్థులకు, దాతలకు పరిశోధన సహాయ కమిటీ నమస్కారాలు. ఏప్రిల్ 2024 నుంచి మార్చి 2025 వరకు లెక్క ఇది.

జమ: పాత నిల్వ రూ.18,400. పూర్వ విద్యార్థులు 62 మంది చందాలు 1,46,500. యాజమాన్యం ఇచ్చింది 50,000. శిక్షణకు తలా 150 చొప్పున 84 మంది కట్టింది 12,600. బ్యాంకు వడ్డీ 1,312. మొత్తం 2,28,812.

ఇందులో కనబడని చెక్కు ఒకటుంది. వాటర్ ప్లాంటు నడిపే దాత ఒకరు 25,000 ఇస్తామన్నారు. నీళ్ల పరీక్షల ఫలితాలు బయట పెట్టేముందు తనకు చూపాలన్నది ఆయన షరతు. చెక్కు బ్యాంకులో వేయకుండా తిప్పి పంపాం. దీనిపై కమిటీలోనే గట్టిగా వాదన జరిగింది, మినిట్స్‌లో అంతా ఉంది.

ఖర్చులో మొదటిది రెండు రోజుల పరిశోధన నైతికత శిక్షణ, 39,050. టిఫిన్, భోజనం, టీలకు 21,840 అయింది. ఎక్కువైందన్నవారు ఉన్నారు; మనిషికి రోజుకు 130 పడింది, ఒంగోలులో ఇంతకన్నా తక్కువకు పెట్టేవాళ్లుంటే చెప్పండి, వచ్చే ఏడు వాళ్లకే ఇద్దాం. బయటి ఊళ్ల నుంచి వచ్చిన ఇద్దరు నిపుణుల ప్రయాణం, బస 9,260. జిరాక్సులు, ఫైళ్లు 6,750. ఫ్లెక్సీ ఒక్కటే, అతిథుల ఫొటోలు లేకుండా, 1,200.

పరిశోధనల్లో పాల్గొన్నవారి ఖర్చుల పద్దు ఈ ఏడాదే కొత్తగా వచ్చింది. అది శిక్షణలోనే పుట్టింది. ఒక విద్యార్థి తన పరిశోధనలో పాల్గొనేవారు ఒప్పుకుని సంతకం చేసే సమ్మతి పత్రం చదివి వినిపిస్తుంటే, వెనక నిలబడి వింటున్న అటెండరు అక్క, "మధ్యలో వద్దనిపిస్తే లేచి పోవచ్చా? పోతే బస్సు డబ్బులు ఇస్తారా, ఇవ్వరా?" అని అడిగింది. పత్రంలో రెండో ప్రశ్నకు జవాబు లేదు. పాల్గొనేవారి చేతి డబ్బు పోకూడదని, అలాగని డబ్బాశ చూపి రప్పించకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందుకే బస్సు చార్జీ, పోయిన పూట కూలి కలిపి తలా 300 చొప్పున 58 మందికి 17,400 ఇచ్చాం. మధ్యలో మానుకున్నవారికీ అంతే.

పరిశోధన గ్రాంట్లు ఆరు మంజూరు చేసి ఐదే ఇచ్చాం, ఒక్కొక్కటి 20,000 చొప్పున లక్ష. ముందు 12,000, బిల్లులు చూపాక 8,000. ఆరోది కనిగిరి వైపు బడిపిల్లల పళ్ల మీద ఫ్లోరైడ్ మచ్చల సర్వే. దేశంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు) సంగతి 1937లో వైద్య పత్రికకెక్కింది అప్పట్లో కనిగిరి కూడా కలిసి ఉన్న నెల్లూరు జిల్లా నుంచే, కాబట్టి అంశం మీద ఎవరికీ పేచీ లేదు. కానీ పిల్లల మీద అధ్యయనానికి తల్లిదండ్రుల సమ్మతి ఒక్కటే చాలదు, ఊహ తెలిసిన పిల్లలు తామూ సరేననాలి. అందుకే సమ్మతి పత్రం తిరగరాయమని ఎథిక్స్ కమిటీ (పరిశోధనలు నైతికంగా ఉన్నాయా అని చూసి అనుమతిచ్చే సంఘం) వెనక్కి పంపింది. అనుమతి చేతికొచ్చేదాకా ఆ 20,000 బ్యాంకులోనే ఉంటుంది. ఆ సర్వే చేయాల్సిన అమ్మాయి తండ్రి రెండుసార్లు ఫోన్ చేశారు, ఆయనకూ ఇదే చెప్పాం.

ఎథిక్స్ కమిటీ అధ్యక్షులు సంస్థకు బయటివారై ఉండాలన్నది నియమం. వారికీ, మిగతా బయటి సభ్యులకూ రానుపోను ఖర్చులు 8,000. ఆడిట్, తపాలా 3,500. బ్యాంకు చార్జీలు 236.

మొత్తం ఖర్చు 1,68,186. నిల్వ 60,626: బ్యాంకులో 58,476, చేతిలో రొక్కం 2,150. ఆరో గ్రాంటు పక్కన పెడితే వాడుకోదగ్గది 40,626.

ఓచర్లు, రశీదు పుస్తకాలు లైబ్రరీలో ఉన్నాయి. పరిశోధనల్లో పాల్గొన్నవారి సంతకాల జాబితా మాత్రం చూపించం, వారి పేర్లు గోప్యం. దాన్ని ఆడిటరు సరిచూశారు. అభ్యంతరాలుంటే నెల లోపు కోశాధికారికి రాసివ్వండి.

— కమిటీ