సూర్యాపేట మెకానిక్ అన్నకు కృతజ్ఞతలు

అమ్మను కంటి ఆపరేషన్ తర్వాతి చెకప్‌కు తీసుకెళ్తుంటే సూర్యాపేటలో బండి మొరాయించింది. స్పీడులో బాగానే ఉంటుంది, యాక్సిలరేటర్ వదిలితే ఆగిపోతుంది. ఒకటే టెన్షన్. భోజనానికి షట్టర్ దించుతున్న మెకానిక్ అన్న ముందు అమ్మకు నీడలో స్టూలు వేసి, నీళ్లిచ్చి, ఆ తర్వాతే బండి ముట్టుకున్నారు.

చోక్ (ఇంజిన్‌కు గాలి తగ్గించి పెట్రోల్ పాలు పెంచే మీట) లాగితే ఇంజిన్ ఆగకుండా నడిచింది. "పెట్రోల్ సరిగ్గా అందట్లేదు తమ్ముడూ, పైలట్ జెట్ మూసుకుపోయి ఉంటది" అన్నారు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజిన్‌కు పెట్రోల్ అందించే, సన్న రంధ్రమున్న చిన్న భాగమది. తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదవుతుందట! పెట్రోల్‌తో కడిగి, గాలి కొట్టి, వెలుతురుకు పెట్టి నాకూ చూపించారు. ఆకలి మీదున్నా, గాలి పాలు సరిచేసే ఎయిర్ స్క్రూ కొద్దికొద్దిగా తిప్పుతూ ఇంజిన్ శబ్దం నిలకడగా వచ్చేదాకా ఓపిగ్గా విన్నారు. డబ్బులిస్తే "అమ్మకు కొబ్బరిబోండాం తాగించు" అన్నారు.

అన్నా, టైముకే చేరాం. కన్ను బాగుందన్నారు డాక్టరు. మా ఇద్దరి దండాలు మీకు.