చప్పట్లు కొట్టిన పెద్దాయనకు

అయ్యా, మీ పేరు తెలియదు. మొన్నటి ప్రచార సభలో బారికేడు పక్కన నిలబడ్డది మీరే.

మావాళ్లే కొందరు ప్రత్యర్థి మతాన్ని పట్టుకుని నోటికొచ్చిన నినాదాలు ఎత్తుకున్నారు. నేను ప్రసంగం ఆపి, "ఆయన విధానాలు నాకు గిట్టవు. ఆయన పుట్టుకను తిట్టేవాళ్ల ఓటు నాకు అక్కర్లేదు" అన్నాను. ముందు నిశ్శబ్దం, ఆ వెంటనే వెనక నుంచి గోల. వేదిక మీదున్న మా నాయకుడొకాయన నా చొక్కా పట్టి లాగాడు, పోలింగు ముందు ఇదేం పని అన్నట్టు.

అప్పుడు మీరు చేతికర్ర చంకలో ఇరికించుకుని రెండు చేతులతో చప్పట్లు కొట్టారు. ఒక్కరే. కాసేపటికి పక్కవాళ్లూ అందుకున్నారు. అరుస్తున్న కుర్రాడి వైపు తిరిగి, "ఓట్లడగడానికొచ్చావా నాయనా, తగువుకొచ్చావా?" అన్నారట.

2008 అక్టోబరులో అమెరికాలోని మినసోటా సభలో, అధ్యక్ష ఎన్నికల్లో ఒబామాకు ప్రత్యర్థిగా నిలబడ్డ జాన్ మెకెయిన్, ఒబామా అరబ్బు అన్న తన అభిమాని చేతిలోంచి మైకు తీసుకుని, "కాదమ్మా, ఆయన మర్యాదస్తుడు" అన్నారు. (అరబ్బయితే మర్యాదస్తుడు కాడా అని తర్వాత అడిగినవాళ్లున్నారు, న్యాయమైన ప్రశ్నే.) ఒబామాను చూసి భయపడక్కర్లేదన్నందుకు ఆ రోజు సొంత జనమే ఆయన్ను గేలి చేశారు. నాకు అంత దాకా రాలేదంటే అది మీ చలవ.

మనిషిని పంపేసరికి మీరు వెళ్లిపోయారు. కొందరు కార్యకర్తలు అలిగి మానేశారు, మానేయనివ్వండి. ఎవరైనా ఇది మీకు చదివి వినిపిస్తే ఒకసారి మా ఆఫీసుకు రండి. ఓటు ఎవరికని అడగను.