మన కారవాన్‌కి నంబరు వచ్చేసింది రా

రేయ్ రమణా,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళూ జవాబు రాయలేదని కోపం పెట్టుకోకు. ఈ బండి గోలలో ఎవరికీ ఒక్క ముక్క రాయలేకపోయాను. ఇంట్లో అందరూ బాగున్నారు, చిట్టికి కందుకూరు సంబంధం ఖాయమైంది, వనామి రొయ్యల రేటు పడిపోయి బావ దిగులుగా ఉన్నాడు. ఇక అసలు సంగతి. మన కారవాన్‌కి, అదే పడకలు, వంటకి చోటు లోపలే ఉండే బండికి, ఏపీ నంబరు వచ్చేసింది! నిన్న పొద్దున మెసేజ్ వచ్చింది, ముందు నీకే రాస్తున్నా.

పక్షవాతం వచ్చాక నాన్న కార్లో గంట కూడా కూర్చోలేడని నీకు తెలుసు కదా. భైరవకోన చూడాలి, శ్రీశైలం వెళ్ళాలి అని అంతకుముందు ఎప్పుడూ అనేవాడు. పడుకోవడానికి చోటు, పక్కనే బాత్రూమ్ లేకుండా ఎట్లా తీసుకెళ్ళేది? కొత్తది కట్టించడం మన వల్ల కాదు. అందుకే మద్రాసులో ఒక పెద్దాయన తన బండి అమ్ముతున్నాడని తెలియగానే పరిగెత్తాను. ట్రావెలర్ వ్యాను మీద కట్టించుకున్నాడు. రెండు పడకలు, సింకు, స్టవ్వు, చిన్న బాత్రూమ్, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. అయినా నేను ముందు అడిగింది ఆర్సీనే. మామూలు వ్యాను కొని లోపల ఇష్టమొచ్చినట్టు మార్చేసి, ఆర్సీలో పాత వివరాలే ఉంచేసేవాళ్ళున్నారు. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, అలాంటిది కొంటే రాష్ట్రం మార్చేటప్పుడు ఇరుక్కుంటాం. దీని ఆర్సీలో మోటార్ కారవాన్ అనే ఉంది. అది చూశాకే బేరానికి కూర్చున్నా.

అక్కడి నుంచీ మొదలైంది రా టెన్షన్. అప్పు ఎప్పుడో తీరిపోయినా ఆర్సీ మీద బ్యాంకు పేరు అట్నే ఉంది. అది తీయించాలంటే ఫారం 35 మీద బ్యాంకు వాళ్ళు సంతకం పెట్టాలి. ఆ బ్రాంచేమో ఇంకో దాంట్లో కలిసిపోయింది, పాత ఫైలు దొరకదు. పాపం ఆ పెద్దాయన చేతికర్ర పట్టుకుని నాతోపాటు తిరిగాడు. భార్య పోయాక ఆ బండి ఎక్కలేదట. స్టవ్వు, కుక్కరు, గిన్నెలు కూడా మీరే ఉంచుకోండి అన్నాడు. ఆయన గురించి ఇంకా చాలా చెప్పాలి, తర్వాత.

బండిని వేరే రాష్ట్రానికి మార్చాలంటే పాత ఆఫీసు వాళ్ళు అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం, ఎన్ఓసీ, కావాలి. దానికి ఫారం 28 మీద ఛాసిస్ నంబరు, అదే బండి ఫ్రేము మీద చెక్కి ఉండే నంబరు, పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయాలి. బండి కట్టినవాడు సరిగ్గా ఆ నంబరుకి అడ్డంగా నీళ్ళ ట్యాంకు బిగించి పెట్టాడు! కింద పడుకుని టార్చి వేస్తే కనబడుతుంది, చెయ్యి మాత్రం దూరదు. మెకానిక్ కుర్రాడు ఎండలో ట్యాంకు మొత్తం ఊడదీసి, అచ్చు తీశాక, ఈసారి చెయ్యి పట్టేంత సందు వదిలి బిగించాడు. ఆ అబ్బాయికి ఎంతిచ్చినా తక్కువే. తీరా కాగితాలన్నీ ఇస్తే అక్కడి ఆర్టీఓ ఆఫీసులో కదలవు. అప్పుడు మన వకీలు బావ చెప్పాడు, మోటారు వాహనాల చట్టం 48వ సెక్షన్ ప్రకారం 30 రోజుల్లో ఎన్ఓసీ ఇవ్వాలి, లేదా ఎందుకివ్వరో రాసి చెప్పాలి, రెండూ చెయ్యకపోతే ఇచ్చినట్టే లెక్క అని. అదే మాట అర్జీ రాసి ఇచ్చాక గానీ చేతికి రాలేదు. ముసలాయన్ని అన్నాళ్ళు తిప్పినందుకు నాకింకా కోపం పోలేదు.

తడ దాటి తెలుగు బోర్డులు కనబడ్డప్పుడు గట్టిగా అరిచాను రా! సూళ్ళూరుపేటలో టీకి ఆపితే పిల్లలు చుట్టూ చేరి లోపల ఏ హీరో ఉన్నాడని ఒకటే అడగడం.

ఇక్కడికొచ్చాక మళ్ళీ లైఫ్ ట్యాక్స్. అక్కడ కట్టింది ఇక్కడ చెల్లదు, బండి వయసు చూసి మన రాష్ట్రానికి వేరే కట్టాలి. 12 నెలలు టైముంది కదా, తొందరేముంది అన్నారు చాలామంది. ఆ గడువు కొత్త నంబరు తీసుకోవడానికే గానీ పేరు మార్చుకోవడానికి కాదు, అందుకే ఎవరి మాటా వినలేదు. ఇన్‌స్పెక్షన్‌లో మళ్ళీ పెన్సిల్ అచ్చు అడిగారు. సందు ఉంది కదా, చిటికెలో అయిపోయింది!

నాన్న మాత్రం మన నెల్లూరు నంబరు ఏపీ 26 రాలేదా అని అడిగాడు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్ అని చెప్పినా మనసొప్పలేదు.   కానీ రాత్రి ఇంటి ముందు ఆగి ఉన్న బండిలోనే పడుకుంటానని పట్టుబట్టాడు. అమ్మ వద్దన్నా వినలేదు. పొద్దున్నే లేచి, ఉదయగిరి, సీతారాంపురం మీదుగా భైరవకోన ఎన్ని గంటలు పడుతుందిరా అని అడిగాడు. ఇన్నాళ్ళకి ఆయన నోట మళ్ళీ ప్రయాణం మాట వినడం...

సరే, పేరు మారాక 14 రోజుల్లో ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పాలి, వాళ్ళ ఆఫీసు మూసేసే టైమైంది. ఫాస్టాగ్ కూడా ఇంకా పాత నంబరు మీదే ఉంది. నువ్వు లీవు ఎప్పుడు పెడతావో వెంటనే రాయి, రెండో పడక నీకే. 

ఉంటా రా,
శీను