వాక్యం కింద చిరునామా కూడా వేయండి

గౌరవనీయులైన సంపాదకులకు,

మీ భక్తి పేజీలో వచ్చే బైబిలు వాక్యం రోజూ చదువుతాను. చాలాసార్లు అది తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు, అప్పటి సంఘాలకు రాసిన ఉత్తరాల్లోదే అయివుంటుంది. తెలుగు బైబిల్లో వాటి పేరే పత్రికలు. కొత్త నిబంధనలోని 27 పుస్తకాల్లో 21 పత్రికలే. ఎవరు, ఎవరికి, ఏ సందర్భంలో రాశారో చెప్పకుండా మధ్యలో ముక్క తుంచి వేస్తుంటే అర్థమే మారిపోతోందని నా బాధ. మా చర్చిలోనూ ఇదే అలవాటు.

"నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్న మాట చూడండి. ఆటోల వెనక, పరీక్షల రోజుల్లో ఫ్లెక్సీల మీద, ఏది తలపెట్టినా గెలుపు ఖాయమన్నట్టు కనిపిస్తుంది. పౌలు ఆ మాట రాసింది సంకెళ్లలో ఉండి. ఫిలిప్పీ అనే ఊరి విశ్వాసులు ఎపఫ్రొదితు అనే తమ మనిషి చేతికిచ్చి సాయం పంపారు. అది అందిందని చెబుతూ, కడుపు నిండినా పస్తున్నా ఉండటం నేర్చుకున్నానంటాడు. ఆ వెంటనే వస్తుంది ఈ వాక్యం. ఆకలినైనా తట్టుకోగలనని ఒక ఖైదీ తనవాళ్లకు చెప్పుకున్న ధైర్యం అది.

ఆ ఎపఫ్రొదితు చావుదాకా వెళ్లి బతికాడట. తన జబ్బు సంగతి ఊళ్లోవాళ్లకు తెలిసిపోయిందని బెంగపెట్టుకున్నాడట. ఇదీ ఆ ఉత్తరంలోనే ఉంది. నేను ముప్పై ఏళ్లకు పైగా ఉత్తరాలు బట్వాడా చేశాను. 'ఒంట్లో బాగాలేదని విన్నారట, కంగారుపడకండి' అన్న ఇన్‌లాండ్ లెటర్లు ఎన్ని అరుగుల మీద కూర్చుని చదివానో! చదువురాని తల్లి కోసం మొదలుపెడితే వీధంతా చేరేది. పౌలు ఉత్తరాలూ నలుగురిలో పైకి చదవడానికి రాసినవే. సహోదరులందరికీ చదివి వినిపించాలని థెస్సలొనీకయులకు ఆనబెట్టి మరీ చెబుతాడు. రోమీయుల పత్రికను పౌలు చెబుతుంటే రాసిన తెర్తియు, చివర తన వందనాలూ ఒక ముక్క కలిపాడు. గలతీయులకు రాసినదాంట్లో పౌలే కలం పట్టి, ఎంత పెద్ద అక్షరాలతో రాస్తున్నానో చూడండంటాడు.

ఆ ఉత్తరాల్లో వచనాల అంకెలు లేవు. ఇప్పుడు మనం చూసే అంకెలు 1551లో రోబెర్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు కొత్త నిబంధనకు వేసినవి. వెతుక్కోడానికి అవి ఎంతో మేలు. కానీ ఉత్తరాన్ని ముక్కలుగా చదివే అలవాటు వాటితోనే ముదిరిందని నాకనిపిస్తుంది.

నా మనవి ఒక్కటే. వాక్యం కింద 'చెరలో ఉన్న పౌలు, సాయం పంపిన ఫిలిప్పీవారికి' అని ఒక్క వరుస వేయండి. వీలైతే ఒక ఆదివారం ఫిలేమోను పత్రిక మొత్తం అచ్చువేయండి. ఒనేసిమును ఇకమీదట దాసుడిగా కాక ప్రియ సోదరుడిగా చేర్చుకోమని, అతని బాకీ ఏమైనా ఉంటే నా లెక్కలో వేసుకో, నేనే తీరుస్తానని అతని యజమాని ఫిలేమోనుకు పౌలు స్వహస్తంతో రాసిచ్చిన ఉత్తరం అది. మొత్తం 25 వచనాలే. పావు పేజీ సరిపోతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత పోస్ట్‌మ్యాన్,
తెనాలి