ఆత్మ కాదు, మన వేళ్లే

సంపాదకులకు,

అక్షరాలు, అంకెలు రాసి ఉండే ఉయిజా బోర్డుతో ఆత్మలు మాట్లాడతాయని నమ్మే పిల్లలకు ఒక మాట. అది 1891లో అమెరికాలో పేటెంట్ పొందిన ఆటవస్తువు. దాని మీద మనం వేళ్లు ఆనించే చిన్న పలక అక్షరాల వైపు కదలడం అబద్ధమేమీ కాదు, కదిపేది మాత్రం మన వేళ్లే, మనకు తెలియకుండానే. ఇలాంటి అసంకల్పిత కదలికలను శరీరధర్మ శాస్త్రవేత్త విలియం కార్పెంటర్ 1852లోనే వివరించారు. మరుసటి ఏడాది భౌతిక శాస్త్రవేత్త మైకేల్ ఫారడే, ఆత్మలను పిలిచే ప్రేతసభల్లో బల్లలను తోస్తున్నది కూర్చున్నవాళ్ల చేతులేనని పరీక్షించి తేల్చారు. కళ్లకు గంతలు కట్టి, చెప్పకుండా బోర్డును తిప్పి చూడండి, 'ఆత్మ'కు అక్షరాలు దొరకవు!

అసలు ప్రమాదం భయమే. 'నువ్వు త్వరలో చనిపోతావు' అని వచ్చిందంటే సున్నిత మనస్కులకు నిద్ర ఉండదు, ఒకటే టెన్షన్. తిట్టి లాక్కుంటే చాటుగా ఆడతారు. పెద్దలు పక్కన కూర్చుని ఆ గంతల పరీక్ష చేయించాలి. భయం వదలకపోతే భూతవైద్యుల జోలికి పోకుండా మానసిక వైద్యులకు చూపించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు